ఓరుగల్లు రాణి ఎక్కడ ఒరిగింది?

వరంగల్ కోట నడిబొడ్డున నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఉండాల్సిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు. విరిగిన స్తంభాలు, నందులు, చెక్కడపు రాళ్లు నేలంతా పరుచుకుని కనిపిస్తాయి. ఆ గుడి ఏమైందో మనకు తెలుసు. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకున్నాక నేలమట్టం చేశాయి. ఆ గుడిని కొలిచిన ఇద్దరు కాకతీయ ఏలికలు, రుద్రమదేవీ ఆమె మనవడు ప్రతాపరుద్రుడూ, ఎలా కన్నుమూశారో మాత్రం ఏడు వందల ఏళ్లుగా తెగని ప్రశ్న. రాజధానిలో వాళ్ల చావు గురించి పలికే శాసనం లేదు.

ముందు రుద్రమ సంగతి. ఆమె తండ్రి గణపతిదేవుడికి కొడుకుల్లేరు. కూతురికి రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టి, మగవేషంలో సింహాసనం మీద కూర్చోబెట్టాడు. దేవగిరి యాదవ మహాదేవుడు ఓరుగల్లు మీదికి వస్తే ఆమె తరిమికొట్టింది. తండ్రి కట్టిన రాతికోటను ఎత్తు పెంచి, చుట్టూ మట్టికోట, అగడ్త ఏర్పాటు చేసింది. అంతటి రాణి చివరి రోజుల దగ్గరికి వచ్చేసరికి చరిత్ర ఒక్కసారిగా మాట పడిపోయినట్టు ఆగిపోతుంది. ఆమె 1295 దాకా ఏలి, మనవడికి రాజ్యం అప్పజెప్పి, ప్రశాంతంగా కన్నుమూసిందని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నాం. పిల్లలకూ అదే చెప్పాం.

ఆ కథను మార్చేసింది నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలోని చందుపట్ల అనే పల్లెలో దొరికిన ఒక రాయి. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర మాసం. అంటే 1289 నవంబరు. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఊరి గుడికి భూమి దానమిచ్చి వేయించిన శాసనం అది. కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగిన సందర్భంలో, వాళ్ల పుణ్యం కోసం ఇస్తున్నానని అందులో చెప్పాడు. ఈ ముమ్మడి రాజబంధువు కాదు, సామంతుడూ కాదు. మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసినవాడు. ఏలినవారి కోసం తన చేతనైన దానం చేసి, ఆ మాట రాతిమీద చెక్కించాడు. రాణి మరణానికి ఇంతకన్నా తిన్నని సాక్ష్యం ఇంకెవరూ మనకు మిగల్చలేదు. ఆస్థాన కవులు చేయని పని ఒక సేవకుడు చేశాడని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే శాసనం ఎప్పుడు, ఎవరు అన్నవి చెప్పింది కానీ, ఎక్కడ, ఎలా అన్నవి చెప్పలేదు. రాణీ సేనానీ ఒకే మాటలో కలిసి శివసాన్నిధ్యం చేరారంటే రోగంతో పోయినట్టు తోచదు. యుద్ధంలో పోయినట్టే తోస్తుంది. ఆ యుద్ధం ఎవరితోనన్న ప్రశ్నకు చరిత్రకారుల వేలు కాయస్థ అంబదేవుడి వైపే చూపుతుంది. కాయస్థులు కాకతీయుల నమ్మకస్తులైన సామంతులు. కడప సీమలోని వల్లూరు కేంద్రంగా బలపడిన అంబదేవుడు రుద్రమ మీద తిరగబడ్డాడు. 1290లో త్రిపురాంతకంలో అతను వేయించిన శాసనం నిండా విజయాలే. డెబ్బయి అయిదుగురు నాయకులను గెలిచానన్నాడు. మల్లికార్జునుడి సప్తాంగాలను హరించానన్నాడు. రాజనీతిలో సప్తాంగాలంటే ప్రభువు, మంత్రి, కోట, కోశం, సేన వగైరా. ఆ లెక్కన మల్లికార్జునుడు పోగొట్టుకున్నవాటిలో అతని ప్రభువూ ఉండాలి. ఆ ప్రభువు రుద్రమ. ఆడదాన్ని, అందులోనూ తన ఏలికను చంపానని చెప్పుకోవడానికి అతనికి నోరు రాలేదనే నేను అనుకుంటాను. ఆ మరుసటి ఏడే ప్రతాపరుద్రుడు అంబదేవుడి మీదికి మూడు వైపుల నుంచి సేనలను నడిపించాడు. అవ్వ పోయిన బాధ ఆ దండయాత్రలో లేదంటే నమ్మలేను.

2017లో వరంగల్ దగ్గర బొల్లికుంటలో రెండు శిల్పాలు వెలుగులోకి వచ్చాయి. ఒకదానిలో రాజలాంఛనాలతో గుర్రమెక్కిన స్త్రీ, రెండోదానిలో అలసి ఒక పక్కకు ఒరిగి కూర్చున్న స్త్రీ. రెండో శిల్పంలో యముడి వాహనమైన దున్నపోతు కూడా ఉండడం వల్ల అది రుద్రమ అవసాన దృశ్యమేనని పురావస్తు అధికారులు భావించారు. శిల్పం మీద పేరు లేనిదే తీర్పు చెప్పడం కష్టం. చందుపట్ల రాయికున్న బలం దీనికి లేదు.

దూరదేశాల వాళ్లకు ఆమె మరణవార్త చేరినట్టే లేదు. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో చైనా నుంచి సముద్రం మీద తిరిగి వెళుతూ మన మోటుపల్లి రేవు గురించి రాశాడు. ఈ దేశాన్ని న్యాయంగా ఏలుతున్న రాణి గురించి మెచ్చుకున్నాడు. చందుపట్ల శాసనం ప్రకారం అప్పటికే ఆమె లేదు. చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు కానీ, నిజానికి ఆమె ఆ రాజు కూతురు.

ప్రతాపరుద్రుడి కథ ఇంకోలా ముగిసింది. ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలుగ్‌ఖాన్ మొదటి ముట్టడి విఫలమైంది. 1323లో రెండోసారి నెలల తరబడి సాగిన ముట్టడిలో కోట లొంగింది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. బందీ అయిన రాజును ఢిల్లీకి పంపారు. ఆయన ఢిల్లీ చేరలేదు. దారిలో చనిపోయాడని పారశీక భాషా చరిత్రకారుడు షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ రాశాడు. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం నర్మద ఒడ్డున అని చోటు కూడా చెప్పింది. మరో వందేళ్లకు, 1423లో, రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఆయన తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడంది. అంటే ప్రాణం తానే తీసుకున్నాడని చాలామంది అర్థం చెప్పారు. ఢిల్లీ దర్బారులో తలవంచడం కన్నా నర్మదే మేలనుకున్నాడని నేనూ నమ్ముతాను.

చావు సంగతి తేలని కథలు వేరేచోటా ఉన్నాయి. పోర్చుగల్ రాజు సెబాస్టియన్ 1578లో మొరాకో యుద్ధభూమిలో కనబడకుండా పోతే ఆ జనం తరతరాలు ఎదురుచూశారు, నేనే రాజునంటూ దొంగలూ బయల్దేరారు. నేతాజీ ఏమయ్యారో తేల్చడానికి మనం మూడు విచారణలు జరిపించాం. రుద్రమ కోసం అలాంటి కమిషన్ వేయలేం. ఆమెకు ఉన్న సాక్షులల్లా రాళ్లే.

ఆ రాళ్లు ఇంకా మన పల్లెల్లో ఉన్నాయి. చెరువుగట్టున, గుడి వెనక, పొలం గట్టు మీద, కొన్ని సున్నం కింద, కొన్ని బట్టలుతికే బండలుగా. మీ ఊళ్లో అక్షరాలున్న రాయి కనిపిస్తే రంగు వేయకండి, పగలనివ్వకండి, ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి. రుద్రమ ఎక్కడ ఒరిగిందో చెప్పే మాట అందులో ఏదో ఒకదాని మీద ఉండవచ్చు.