లాంగ్ నోట్‌బుక్కులో కాలేయం

కాలేయ మార్పిడి మీద ముఖచిత్ర కథనం శుక్రవారంకల్లా కావాలన్నారు సంపాదకులు. ఆపరేషన్ థియేటర్ గురించి రాద్దామనే బయల్దేరాను. హైదరాబాద్‌లో ఒక ఓపీ వరండాలో ఒకావిడ ఒళ్లో ఉన్న లాంగ్ నోట్‌బుక్ చూశాక కథ అటు మళ్లింది.

భర్తకు కాలేయం మార్చినప్పటి నుంచీ ఆవిడే రాస్తున్నారు. స్కేలుతో గీసిన గళ్లు. తేదీ, బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్. చివర్న ఎర్ర సిరాతో ‘టాక్రో’: కొత్త కాలేయాన్ని ఒళ్లు తిరస్కరించకుండా ఆపే మందు టాక్రోలిమస్ రక్తంలో ఎంతుందో.

మొదటి పేజీలో ఎస్‌జీపీటీ వందల్లో ఉంది. దాత నుంచి తీసిన కాలేయాన్ని చల్లగా భద్రపరిచి, మళ్లీ రక్తం పారించేలోగా కొన్ని కణాలు దెబ్బతిని ఇలాంటి ఎంజైములు బయటికొస్తాయి. అంకె రోజురోజుకీ దిగుతుంటే అవయవం కుదురుకుంటున్నట్టే. తర్వాతి పేజీల్లో 24, 27, 26. ఉన్నట్టుండి 61, ఆ వెంటనే 118. ఆయనకు జ్వరం లేదు, నొప్పి లేదు, అన్నం సహించకపోవడమూ లేదు. తిరస్కరణ తొలిదశలో చాలామందికి అంతే, ముందు చెప్పేది రక్తమే. బయాప్సీలో తిరస్కరణేనని తేలింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కొన్నాళ్లకు మళ్లీ 29.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ ఎక్కితే పిత్తనాళం కుట్టు దగ్గర ఇరుకైందేమోనని స్కానింగ్ చేస్తారు. నాకు బాగా గురి కుదిరింది ఐఎన్‌ఆర్ మీద. అది రక్తం గడ్డకట్టే తీరును చెబుతుంది. గడ్డకట్టడానికి కావలసిన, కాలేయం తయారుచేసే ఏడో ఫ్యాక్టర్ కొన్ని గంటల్లోనే సగానికి తరిగిపోతుంది కనుక, కాలేయం పని ఆగితే ఒకట్రెండు రోజుల్లోనే అక్కడ తెలిసిపోతుంది. కాలేయమే తయారుచేసే మరో ప్రొటీన్ అల్బుమిన్ సగం తరగడానికి మూడు వారాలు పడుతుంది. అది పాత కబురు.

పరిమితి దాటిన అంకె పక్కన ల్యాబ్ రిపోర్టులో వేసే నక్షత్రం గుర్తు మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. ఎస్‌జీపీటీ 40 దాకా నార్మల్ అనుకుంటే, 22 నుంచి 39కి ఎక్కినవారికి ఆ గుర్తు పడదు. ఏళ్లుగా 48 దగ్గర నిలకడగా ఉన్నవారికి ప్రతిసారీ పడుతుంది. ఆవిడ గళ్లలో ఆ తేడా ఇట్టే కనిపిస్తుంది.

చరిత్ర క్లుప్తంగా: 1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జల్ చేసిన తొలి మార్పిడిలో రోగి దక్కలేదు. 1967లో ఫలించింది. 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి టాక్రోలిమస్‌ను ఇచ్చింది. మన దేశంలో 1998లో ఢిల్లీ అపోలోలో తండ్రి ఇచ్చిన కాలేయ భాగంతో ఒక పసివాడు బతికాడు.

టాక్రో పరీక్షకు వెళ్లేముందు

ఈ మందు తగ్గితే తిరస్కరణ, మించితే చేతుల వణుకు, కిడ్నీలకు దెబ్బ. అందుకే పక్కన క్రియాటినిన్ గడి. ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తమిచ్చాక వేసుకోవాలి. వేసుకుని వెళ్తే అంకె తప్పుగా పెరిగి కనిపిస్తుంది. టీబీ మందు రిఫాంపిసిన్ రక్తంలో దీని స్థాయిని పడగొడుతుంది. ఫ్లుకోనజోల్, క్లారిత్రోమైసిన్ పెంచేస్తాయి. విరేచనాలు పట్టుకున్నా పెరగొచ్చు. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస తినొద్దు. ఏ కొత్త మాత్రయినా, టాక్రో బ్రాండు మారినా ముందు మార్పిడి డాక్టరుకు చెప్పండి. ఏళ్లు గడిచి, ఒంట్లో హాయిగా ఉన్నా సరే, చెప్పిన తేదీకి రక్తమివ్వడం మానకండి.