కాలిన రీళ్ళు, కనబడిన పురుగులు

‘పథేర్ పాంచాలి’లో ఒక చిన్న ఘట్టము కలదు. దూరదేశమున నున్న భర్తనుండి ఇంటికి జాబు వచ్చును. ఆ సంతోషమును మాటలతో చెప్పక, దర్శకుడు సత్యజిత్ రాయ్ మనలను చెరువుగట్టునకు గొనిపోవును. నీటిపై పురుగులు గంతులు వేయుచుండును. రవిశంకర్ సితారు మ్రోగుచుండును. పిదప వాన. ఆ వానలో తడిసిన దుర్గయే జ్వరమున మరణించును.

రాయ్ మరణించిన 1992వ సంవత్సరమున, హాస్టలులోని చిన్న టెలివిజనులో నేనీ చిత్రమును మొదటిసారి చూచితిని. తెరయంతయు బూడిద వర్ణము; నీరేదో, పురుగేదో తెలియలేదు. అధ్యాపకుడనైన పిమ్మట, ఆ మసక దారిద్ర్యమునకు ప్రతీక యనియు, దర్శకుడు బుద్ధిపూర్వకముగ నట్లు చిత్రించెననియు విద్యార్థులకు చెప్పుచు వచ్చితిని. ఎవరును ఆక్షేపింపలేదు. ఆక్షేపించుటకు వారా చిత్రమును చూచినగదా!

అసలు సంగతి వేరు. కెమెరాలో తిరిగిన మూలఫిలిమును నెగటివు అందురు. దానినుండి తీసిన ప్రతికి మరల ప్రతి తీసినకొలది వెలుగునీడల తేటదనము తగ్గును. రాయ్ చిత్రముల నెగటివులు కొన్ని 1993లో లండను ల్యాబరేటరీలో జరిగిన అగ్నిప్రమాదమున కాలినవి. బొగ్గువారిన ఆ రీళ్ళను పారవేయక, అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ వారు భద్రపరచిరి. సుమారు రెండు దశాబ్దములకు క్రైటీరియన్ సంస్థ, ఇటలీలోని బొలోన్యా నగరపు నిపుణులు వానిని చేపట్టిరి. పెళుసుబారిన ఫిలిమునకు తేమ పట్టించి, అంటుకొనిన జిగురును చేతులతో తొలగించి, చిరుగులు అతికిరి. దాదాపు వేయి గంటల చేతిపని! ‘పథేర్ పాంచాలి’లో 40 శాతము, ‘అపరాజితో’లో 60 శాతమునకు పైగా మూలమునుండియే దక్కినది. తక్కిన భాగములకు ఇతర ప్రతులు తోడైనవి. ‘అపూర్ సంసార్’ నెగటివు మాత్రము అక్కరకు రాలేదు.

తెలుగు పాఠము చెప్పువానికి ఈ పని క్రొత్తది కాదు. తాటాకు ప్రతులను సేకరించి, పండితులచే పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించిన బ్రౌను దొర చేసినదియు నిట్టిదే. చెదలు తిన్న చోట మరియొక ప్రతి ఆదుకొనును.

పునరుద్ధరింపబడిన మూడు చిత్రములును 2015 మేలో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలలో ప్రదర్శింపబడినవి. 1955లో ‘పథేర్ పాంచాలి’ తొలిసారి ప్రదర్శింపబడినదియు నక్కడనే. ఉత్సవములు పెద్ద నగరముల వారికి. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవము మద్రాసుకు వచ్చినను, పల్లెబడి పంతులుకు ‘బైసికిల్ థీవ్స్’ అందినదా? ఆ సంవత్సరము నవంబరులో వెలువడిన డిస్కుల మూలమున నీ చిత్రములు ఇండ్లకు వచ్చినవి. పాడ్‌కాస్టులును ఉన్నవి, బస్సులో కూర్చుండి పండితుల చర్చ వినవచ్చును. కాని చిత్రమును చూడకమునుపే అభిప్రాయము నోటికి వచ్చుట నాకు నచ్చదు. ఆ తప్పు నేను పాడ్‌కాస్టులు లేకయే చేసితిని.

విదేశమున నున్న పూర్వవిద్యార్థి యొకడు ఆ డిస్కులను, వానిని ఆడించు యంత్రమును గూడ తెచ్చి యిచ్చెను. తరగతిలో వేసితిని. చెరువు వచ్చినది. నీటిపై ప్రతి ముడుతయు, పురుగుల సన్నని కాళ్ళును కనబడినవి. వెనుక బల్లనుండి ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, మీరు చెప్పిన మసక ఏదండీ?” అని అడిగినది.

తప్పు నాదని ఒప్పుకొంటిని. నోట్సులో ఆ పేరాను వారిచేతనే కొట్టివేయించితిని.

మరుసటి వారము, ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ ఆధారముగ మృణాల్ సేన్ 1977లో తెలుగున తీసిన ‘ఒక ఊరి కథ’ను చూపించితిని. నావద్ద నున్న ప్రతి మిక్కిలి మసకగ నున్నది. ఆ మసకను గూర్చి నేనేమియు వ్యాఖ్యానింపలేదు.