పెన్‌డ్రైవునకు తాళము

బొటనవ్రేలంత పెన్‌డ్రైవు నేడు ఉపాధ్యాయుల జేబులలోను, పైతరగతుల విద్యార్థుల పుస్తకపు సంచులలోను నిత్యము తిరుగుచున్నది. 2000వ సంవత్సరమున ఈ సాధనము తొలుత అమ్మకమునకు వచ్చినపుడు అందు 8 మెగాబైట్లు మాత్రమే పట్టెడివి. ఇప్పటి సామాన్యమైన పెన్‌డ్రైవున 32 గిగాబైట్లు, అనగా దానికి నాలుగువేల రెట్లు, పట్టుచున్నవి. ఆకారము మాత్రము చిన్నదిగనే యున్నందున అది చేజారుట నాటివలెనే సులభము. కావున ఒక్కసారి పోయినచో దానితో పోవునది నాటికంటె మిక్కిలి యెక్కువ.

ఈ సంగతి మాకు పుస్తకమువలన తెలిసినది కాదు. గత వేసవి సెలవులకు ముందు మాలో నొకరు విద్యార్థివేతనముల దరఖాస్తులను అచ్చు తీయించుటకై పెన్‌డ్రైవును బజారులోని జిరాక్సు దుకాణమునకు గొనిపోయి, అక్కడనే మఱచి వచ్చిరి. అందు నలుబదిమంది పిల్లల పేర్లు, పుట్టిన తేదులు, ఆధార్ కార్డుల నకళ్లు, తలిదండ్రుల బ్యాంకు ఖాతాల సంఖ్యలు ఉండెను. మఱునాటి యుదయమున దుకాణమువారు దానిని భద్రముగా తెచ్చి యిచ్చిరి. వారికి కృతజ్ఞులము. కాని ఆ రాత్రి దానిని ఎవరైన తెరచి నకలు తీసిరో లేదో తెలిసికొను మార్గము మాకు నేటికిని లేదు. వస్తువును దొంగిలించినచో దాని చోటు ఖాళీయగును. ఫైలునకు నకలు తీసినచో అసలు ఎక్కడిదక్కడనే యుండును. పెన్‌డ్రైవు వెల కొలది రూపాయలు. అందున్న వివరములు మావి కావు. మమ్ము నమ్మి తలిదండ్రులు అప్పగించినవి.

దొరికినవారు మంచివారైనచో భయమేల యని కొందరందురు. అమెరికా దేశమున ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయపు ఆవరణలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవులను కావలెననియే జారవిడిచి, 2016వ సంవత్సరమున ఆ ఫలితములను ప్రకటించిరి. సుమారు సగము పెన్‌డ్రైవులలోని ఫైళ్లను దొరికినవారు తెరచి చూచిరి. కారణ మడుగగా సమాధాన మిచ్చినవారిలో పెక్కుమంది యజమానికి చేర్చుటకే తెరచితిమనిరి. అనగా సజ్జనుని చేత బడినను మన రహస్యము పరుల కంట బడునన్నమాట.

ఇట్టి నష్టములు రెండింటిని పోల్చి చూతము. 2008వ సంవత్సరమున ఇంగ్లండు, వేల్సు కారాగారములలోని సుమారు 84,000 మంది ఖైదీల వివరములు గల పెన్‌డ్రైవు ఒకటి పోయినది. ప్రభుత్వము ఆ వివరములను భద్రముగా గూఢలిపిలోనే పంపినది. పనికి కుదిరిన కంపెనీవారు వానిని విప్పి, తాళములేని పెన్‌డ్రైవునకు ఎక్కించిరి. ప్రభుత్వము వారితో ఒడంబడికను రద్దు చేసినది. పోయిన వివరములు మాత్రము పోయినవే. 2022వ సంవత్సరము జూన్ నెలలో జపాను దేశపు అమగసాకి నగరమున, పౌరులు సుమారు 4,60,000 మంది వివరములు గల పెన్‌డ్రైవును ఒక పనివాడు సంచిలో నుంచుకొని, మద్యము సేవించి, వీథిలో నిద్రించి, సంచిని పోగొట్టుకొనెను. కొలది దినములలో అది దొరకినది. ఇందలి వివరములు గూఢలిపిలో నుండుటచే ప్రజలకు కొంత ఊరట కలిగినది. ఐనను అధికారులు పత్రికలవారి యెదుట పాస్‌వర్డు పదమూడు అక్షరములదని చెప్పివేసి, తాళము గుట్టులో కొంత తామే బయట పెట్టిరి.

గూఢలిపి యనగా నేమి? అసలు విషయమును ఒక రహస్య సంఖ్యతో కలిపి, పలుమార్లు తారుమారు చేసి, అర్థములేని రాశిగా మార్చుట. ఆ సంఖ్యయే తాళపుచెవి. బెల్జియము దేశస్థు లిరువురు కల్పించిన ఏ.ఇ.ఎస్. అను పద్ధతిని 2001వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించినది. నేడు లోకమంతటను అదియే విరివిగా వాడబడుచున్నది. అందు మిక్కిలి చిన్న తాళపుచెవికైనను గల అవకాశములను లెక్కించినచో 39 అంకెల సంఖ్య వచ్చును. వానినన్నిటిని ప్రయత్నించుట ఎవరి తరమును గాదు. కాని మనము పాస్‌వర్డుగా పేరును, పుట్టిన సంవత్సరమును పెట్టినచో దొంగకు ఆ శ్రమయే యుండదు. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగైదు మాటలను చేర్చి పెట్టుట మేలు.

కంప్యూటరునకు పాస్‌వర్డు ఉన్నది గదా యనుకొనరాదు. పెన్‌డ్రైవును మఱియొక కంప్యూటరునకు తగిలింపగనే అందలి ఫైళ్లన్నియు కనబడును. ఫైలును చెఱిపితిమను ధైర్యమును చాలదు. చెఱిపినపుడు సాధారణముగా విషయసూచికలోని పేరు మాత్రమే తొలగును. పుట అట్లే యుండును.

ఇక చేయవలసిన పని. విండోస్ ప్రో గల కంప్యూటరులలో బిట్‌లాకర్ అను సాధన మున్నది. పెన్‌డ్రైవు గుర్తుపై కుడిమీట నొక్కి దానిని ప్రారంభింపవచ్చును. వాడిన పెన్‌డ్రైవైనచో మొత్తము డ్రైవును గూఢలిపిలోనికి మార్చు విధమునే ఎన్నుకొనవలెను. చెఱిపిన పాత ఫైళ్లును అపుడు లోబడును. అది యిచ్చు 48 అంకెల సంఖ్యను కాగితముపై వ్రాసి బీరువాలో దాచవలెను; పాస్‌వర్డు మఱచినచో అదియే దిక్కు. బిట్‌లాకర్ లేనివారికి వెరాక్రిప్ట్ అను ప్రోగ్రాము ఉచితముగా లభించును. తాళము రహస్యమును కాపాడునే గాని పోయిన ఫైలును తిరిగి తెచ్చి యీయదు. కావున మఱియొక ప్రతి యింటనో, బడిలోనో ఉండవలెను. జిరాక్సు దుకాణమునకు వేఱొక పెన్‌డ్రైవున ఆనాటికి కావలసిన ఫైలు మాత్రమే గొనిపోవలెను. పెన్‌డ్రైవుపై బడి ఫోను సంఖ్య గల చీటి అంటించినచో మంచివారు దానిని తెరువకయే తిరిగి చేర్పగలరు.

తాళము వేయుటకు పట్టు కాలము కొలది నిమిషములు. పెన్‌డ్రైవు పోయిన పిమ్మట వేయుదమన్నను వీలుపడదు. విద్యార్థుల వివరములు గల పెన్‌డ్రైవు ఏదియు తాళము లేక మన పాఠశాల గేటు దాటరాదని మేము నియమము చేసికొంటిమి. తమ పిల్లల పత్రముల నకళ్లు ఎచ్చట నున్నవో, ఎవరి యొద్ద నున్నవో తలిదండ్రులు మమ్ము నిస్సంకోచముగా అడుగవచ్చును. చెప్పుట మా విధి.