దొంగ జాడను డబ్బానే తుడిపేస్తే?

ఊరి చౌరస్తల సీసీ కెమెరా సంగతి ఎరుకే గద. డిస్క్ నిండితే పాత వీడియో మీదనే కొత్తది ఎక్కుతది. నెట్‌వర్క్‌ల చొరబడేటోళ్లను పసిగట్టే ఐడీఎస్ డబ్బా కత కూడా గంతే. ఎవడు, ఏ ఐపీ నుంచి, ఎప్పుడు వచ్చిండో లాగ్‌ల రాస్తది. జాగ నిండితే పాతవి చెరిపేస్తది. కొన్నిట్ల లాగ్‌లు ర్యామ్‌లనే ఉంటయి, కరెంటు పోతే అన్నీ మాయం. తెలివైన దొంగ ఉత్తుత్త అలర్ట్‌ల వాన కురిపించి, తన జాడను డబ్బాతోనే తుడిపిస్తడు.

అందుకే లాగ్‌లను ఎప్పటికప్పుడు వేరే సర్వర్‌కు పంపాలె. ఆడ కూడా తిరకాసుంది: సిస్‌లాగ్ యూడీపీల పోతే, అందిందా లేదా అని అడిగేటోడుండడు. దారిల పోయింది పోయినట్టే. టీసీపీనే నయం.

లాగ్‌లు 180 రోజులు దాచాలెనని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌ల ఆదేశమిచ్చింది. దొంగతనం బయటపడేది శానసార్లు నెలల తర్వాతనే మరి. డబ్బా కొన్నోళ్లల్ల ఎందరు, అండ్ల డిస్క్ ఎన్ని రోజులకు నిండుతదో లెక్క చూసిండ్రు?