లక్క బొమ్మలోని లెక్క

వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు ఉలి ఆనిస్తే చెక్కు లేస్తుంది. రంగు లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగులకు తిరిగి ప్రాణం పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఈ గౌరవాలన్నీ కళకు దక్కినవే. ఆ పనిలో గణితం కూడా ఉందన్న సంగతి మన విశ్వవిద్యాలయాల తరగతి గదులకు ఇంకా చేరలేదు.

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఎందరినో తడబడేలా చేసే పాఠం బహుచరరాశుల కలనగణితం. అందులో గుండ్రని వస్తువు ఘనపరిమాణం కట్టేటప్పుడు సమాకలనిలో ‘ఆర్’ అనే అదనపు గుణకం చేరుతుంది. అది ఎందుకు వచ్చిందో తెలియకుండానే చాలామంది కంఠస్థం చేస్తారు. లేత్ ముందు కూర్చునే పనివారికి ఆ కారణం నిత్యానుభవం. ఒకే మందం పొరను కర్ర వెలుపలి అంచున తీస్తే ఎక్కువ చెక్కు రాలుతుంది, ఇరుసు దగ్గర తీస్తే తక్కువ. వ్యాసార్ధం రెట్టింపయితే ఆ పలుచని పొరలోని కలపా రెట్టింపవుతుంది. ‘ఆర్’ చెప్పేది అంతే.

ఐరోపాలో ఈ గణితానికి వేసిన తొలి మెట్లలో ఒకటి పీపాల నుంచే వచ్చింది. 1613లో తన పెళ్లికి కొన్న ద్రాక్షసారాయి పీపాలను వర్తకుడు కొలిచిన తీరుపై కెప్లర్‌కు సందేహం కలిగింది. 1615లో వెలువరించిన గ్రంథంలో పీపాల వంటి ఆకృతులను పలుచని ముక్కలుగా ఊహించి ఘనపరిమాణం లెక్కగట్టాడు. మన దేశంలో సంగమగ్రామ మాధవుడి పరంపర అనంతశ్రేణులను అంతకు ముందే సాధించింది. అయితే ఆ విద్య కొద్ది సామాజిక వర్గాల గురుశిష్య వలయం దాటలేదు. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే మెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లో చెప్పింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చేతిని, గంటాన్ని విడదీసిందీ ఆ మెట్లే.

ఆ విభజన నేటి తరగతి గదిలో ప్రతిభ పేరుతో కొనసాగుతోంది. గణితంలో బ్యాక్‌లాగ్ పడితే ఒకరిది అశ్రద్ధ అంటారు, మరొకరిది రిజర్వేషన్ సీటు ఫలితమంటారు. వైఫల్యం ఒకటే, తీర్పులు రెండు. లక్షలు పోసి కొన్న కోచింగును సహజ ప్రతిభగా, తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఆంగ్ల పాఠం ముందు తడబడడాన్ని పుట్టుకతో వచ్చిన లోపంగా లెక్కించడమే ఇక్కడి అసలు అన్యాయం. తొలి సెమిస్టరులో ఈ మాట విన్న విద్యార్థి ప్రశ్న అడగడం మానేస్తాడు. గణితం అతనికి దూరమయ్యేది అక్కడే.

చేతిపని వస్తే కలనగణితం వచ్చేసినట్టు కాదు. రుజువునూ సంకేత భాషనూ వేరుగా నేర్చుకోవలసిందే. వృత్తుల వారి పిల్లలు వృత్తిలోనే ఉండాలనడం అంతకంటే ప్రమాదకరం. సగం పూట బడి, సగం పూట తండ్రి పని అంటూ 1953లో మద్రాసులో రాజాజీ తెచ్చిన పథకం కులవిద్యగా నిరసనకు గురై, మరుసటి ఏడాదే రద్దయింది. లేత్‌ను తరగతికి తేవాలి తప్ప, విద్యార్థిని లేత్ దగ్గరికి తిప్పి పంపకూడదు.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. సెమిస్టరుకు ముందు కొన్ని వారాల వారధి తరగతులు అందరికీ పెట్టాలి. అవి ఏ ఒక్క వర్గానికో పరిమితమైతే మరో ముద్రగా మారతాయి. భావనను ముందు తెలుగులో, చేతికందే వస్తువుతో చెప్పి ఆ తర్వాతే సూత్రం రాయించాలి. ఉత్తీర్ణతా ప్రమాణాన్ని తగ్గించమని ఎవరూ అడగడం లేదు. ఆ ప్రమాణాన్ని అందుకునే దారి అందరికీ తెరవమనే అడుగుతున్నాం. అది దయాదాక్షిణ్యం కాదు, విశ్వవిద్యాలయం నెరవేర్చవలసిన బాధ్యత.