కొలతకూ ఊరూ పేరూ ఉండాలి

నిజాంపట్నం సమీపాన, సముద్రపు గాలి సోకే అడవులదీవి గ్రామంలో ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులచేత “మా ఊరు” అనే చిన్న గ్రంథం వ్రాయింప బూనినాడని అనుకొందాం. పిల్లలు వీధివీధినా తిరిగి పెద్దలను అడిగి వివరాలు సేకరించుకొని వచ్చినారు. ఒక తాతగారు తన చేను రెండెకరాల ముప్ఫై సెంట్లని చెప్పినాడు. తన తండ్రినాడు ఎకరానికి పుట్టెడు ధాన్యం పండేదని కూడా అన్నాడు. ఒక అవ్వ తన పెండ్లికి నాలుగు కాసుల బంగారం పెట్టినారన్నది. వల వేసే పెద్ద ఒకరు తాను పోయే చోట నీరు ఆరు బారల లోతన్నాడు. మరొకరు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను తలచుకొని, వాకిట నిలువెత్తు నీరు నిలిచినదన్నాడు.

ఈ మాటలను ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయడమా? లేక హెక్టార్లు, కిలోలు, మీటర్లుగా మార్చి వ్రాయడమా? ప్రశ్న చిన్నదిగా తోచును గాని, నిఘంటువు మొదలు విజ్ఞాన సర్వస్వం దాకా పదిమంది నమ్మి చదివే గ్రంథం వ్రాసేవారందరికీ తప్పనిది ఈ చిక్కు.

మన దేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చినది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలైనవి. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోకి వచ్చినవి. నేటి బాలునికి కిలో, లీటరు పుట్టుకతో వచ్చిన మాటలు. కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద అంటే వానికి అవ్వ చెప్పే కథలోని సామగ్రి మాత్రమే. కనుక మెట్రిక్‌లో చెప్పనిదే వానికి అర్థం కాదు. ఒక ఊరి పంటను మరొక దేశపు పంటతో పోల్చడానికీ వీలుపడదు. ఈ వాదం సత్యమే.

అయితే మార్చడానికి ముందు ఆ పాత మాటకు అర్థమేమో తెలియాలి గదా! మణుగునే తీసుకొందాం. మన వైపు 120 తులాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. తులం 11.66 గ్రాములు గనుక వీశె సుమారు 1.4 కిలోలు, మణుగు సుమారు 11.2 కిలోలు. ఉత్తరదేశపు లెక్కలో శేరుకు 80 తులాలు, మణుగుకు 40 శేర్లు. అది 37.3 కిలోలు. పేరు ఒక్కటే గాని బరువు మూడు రెట్లకు మించి తేడా. “పది మణుగుల బెల్లం” అనే వాక్యాన్ని ఏ మణుగో విచారింపక మార్చితే, ఆ గ్రంథం చదివిన వారందరూ అసత్యాన్నే నేర్చుకొంటారు. తులం సంగతీ అంతే. నేటి బంగారపు అంగడిలో తులమంటే పది గ్రాములనే వాడుక కలదు. తాతలనాటి తులం అది కాదు. కొలతకు ఊరూ కాలమూ రెండూ ఉన్నవి. వాటిని విడిచిన అంకె చిరునామా లేని ఉత్తరం వంటిది.

ఇది పల్లెటూరి లెక్కలకే పరిమితమైన ప్రమాదం కాదు. 1983 జూలైలో కెనడా దేశపు విమానం ఒకటి ఆకాశమార్గాన ఇంధనం అయిపోయి, గిమ్లీ అనే చోట పాత విమానాశ్రయంలో ఇంజన్లు ఆగిపోయి దిగవలసివచ్చినది. కావలసినది 22,300 కిలోలు. ఇంధనాన్ని లెక్కించినవారు లీటరు బరువును పౌండ్లలో చూపే అంకెను తీసుకొని, వచ్చిన ఫలితాన్ని కిలోలనుకొన్నారు. అవసరమైన దానిలో సగమైనా లేదు. ప్రాణనష్టం జరగకపోవడం వైమానికుల చాతుర్యం.

రెండవ దోషం లేనిపోని కచ్చితత్వం. “నిలువెత్తు నీరు” అన్న మాటను ఒక విద్యార్థి శ్రద్ధగా లెక్కకట్టి “1.6764 మీటర్లు” అని వ్రాసినాడనుకోండి. ఆ నీటిని ఎవరూ బద్ద పెట్టి కొలవలేదు. మనిషి తన మేనితో కొలిచినాడు. ఆ నాలుగు దశాంశ స్థానాలు చెప్పినవాని మాటలు కావు, వ్రాసినవాని కల్పన. “నిలువెత్తు నీరు (సుమారు అయిదారు అడుగులు, మీటరున్నర నుంచి 1.8 మీటర్లు)” అంటే సాక్షి మాటా నిలుస్తుంది, చదువరికి అంచనా కూడా అందుతుంది.

కాబట్టి అనుసరింపదగిన మార్గం ఇది. ఏ ప్రమాణంలో కొలిచినారో, చెప్పినారో అది ముందు. మెట్రిక్ కుండలీకరణాలలో వెంటనే. పట్టాదారు పాసుపుస్తకంలో ఎకరాలు, సెంట్లు ఉన్నవి గనుక “2 ఎకరాల 30 సెంట్లు (సుమారు 0.93 హెక్టార్లు)”, “ఆరు బారలు (సుమారు 11 మీటర్లు)”, “నాలుగు కాసులు (నేటి వాడుకలో 32 గ్రాములు)”. మెట్రిక్‌లోనే కొలిచిన గాలివేగం, వర్షపాతం, మందుమోతాదు వంటి వాటికి మెట్రిక్కే ముందు. హెక్టారుకు 5,560 కిలోల దిగుబడి అని ప్రభుత్వ లెక్క చెప్పినప్పుడు, 75 కిలోల బస్తా లెక్కన ఎకరానికి సుమారు 30 బస్తాలని పక్కన చేర్చితే రైతుబిడ్డకు అది తన చేను మాటగా వినిపిస్తుంది. ఇక ఆ పుట్టి సంగతి? ఇరవై తూములు పుట్టి అన్నది నిజమే. కాని తూము పరిమాణం ఊరూరికీ మారేది. ఆ ఊరి పాత కుంచం దొరికి కొలిచి చూచేదాకా పుట్టిని పుట్టిగానే ఉంచడం మేలు. మార్చకపోవడం కొరత కాదు, తప్పుగా మార్చడమే కొరత.

ఉపాధ్యాయ మిత్రులు ఈ పనిని వాయిదా వేయరాదు. కుంచంతో కొలిచిన చేతులు, ఉప్పెన నీటిలో నిలిచిన మనుషులు నానాటికీ తగ్గిపోతున్నారు. తుపాను రక్షణ భవనానికి పునాది ఎంత ఎత్తున ఉండాలో నిర్ణయించే రేపటి ఇంజనీరు, ఈనాటి పిల్లవాని నోటుపుస్తకంలోని ఆ ఒక్క వాక్యాన్ని వెదుక్కొనవచ్చును. అతనికి అక్కడ కనబడవలసినవి మూడు: నీరు ఎవరి నిలువెత్తు, ఏ వాకిట, ఏ నాడు. ఆ మూడూ ఉంటే మీటర్ల లెక్క అతడే వేసుకొంటాడు. అవి లేకపోతే ఏ మీటరూ అతనికి ఉపకరించదు.