కాళ్లకు చుట్టుకునే పిల్లికి కర్ర మందు కాదు

పిల్లిని చంకన పెట్టుకొని పెళ్లికి వెళ్లినట్లని మనకొక సామెత వుంది. అతిగా మాలిమి అయిన పిల్లి వున్న ఇళ్లలో ఇది సామెత కాదు, రోజూ జరిగే తంతు. వంటింట్లోకి వెళ్తే వెంట వస్తుంది. స్నానాల గది తలుపు వేసుకుంటే బయట కూర్చుని అరుస్తుంది. తాళం వేసి ఆఫీసుకు వెళ్తే సాయంత్రానికి పరుపు మీద మూత్రం. తెల్లవారుజామున నాలుగింటికి ముఖం మీద పంజా. మొదట్లో ముద్దుగా వున్న వ్యవహారం కొన్నాళ్లకు ఇంటిల్లిపాదికీ తలనొప్పి అవుతుంది.

ఆ తరువాతి కథ మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. గోనెసంచిలో వేసి, మూతి కట్టి, దారి గుర్తు పట్టకుండా కాలువ అవతల వదిలి వస్తారు. గిన్నెలో పెట్టింది తిని పెరిగిన పిల్లి అక్కడ కుక్కల బారిన పడడమో, ఆకలితో మాడడమో జరుగుతుంది. ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆ సంచి దాకా వెళ్లకుండానే చాలావరకు చక్కబెట్టుకోగల వ్యవహారమిది.

పొగరు కాదు, బెంగ

పిల్లికి ఇల్లు కావాలి గాని మనిషి అక్కరలేదని పెద్దలు అనేవారు. అందులో సగమే నిజం. అమెరికాలోని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పిల్లికూనను, పెంచే మనిషిని కొత్త గదిలో రెండు నిమిషాలు వుంచారు. తరువాత రెండు నిమిషాలు మనిషిని బయటికి పంపి మళ్లీ రప్పించారు. 70 కూనల్లో సుమారు 64 శాతం మనిషి రాగానే కుదుటపడి తమ ఆటలో తాము పడ్డాయి. తక్కిన వాటిలో ఎక్కువ భాగం మనిషిని అంటిపెట్టుకొని వదలలేదు. మన కాళ్లకు చుట్టుకునేవి ఈ రెండో రకం.

కళ్లు తెరవగానే కూనను తెచ్చుకోవడం మన దగ్గర మామూలు. కనీసం రెండు నెలలు అది తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య పెరగాలి. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఆ ఏడిళ్లూ తిరగనిచ్చి తెచ్చుకుంటే మేలు. ఇల్లు మారడం, ఇంట్లోకి పసిబిడ్డ రావడం, రోజంతా దగ్గరున్న మనిషి ఉద్యోగంలో చేరడం కూడా బెంగకు కారణాలే. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి మనుషుల మధ్య గడిపి, ఆ తరువాత ఒక్కసారిగా ఖాళీ ఇంట్లో మిగిలిన పిల్లుల అవస్థ ఇటువంటిదే.

పరుపు మీదే మూత్రం పోయడం కసితో చేసే పని కాదు. ఒంటరితనం భరించలేని పిల్లులపై 2002లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. వాటిలో మూత్రం పాడుచేసే పిల్లులు నాలుగింట మూడు వంతులు యజమాని పడకనే ఎంచుకున్నాయని అందులో తేలింది. ఆ పడకకు యజమాని వాసన వుంటుంది. అదీ సంగతి.

ముందు జబ్బు సంగతి తేల్చుకోవాలి

మగపిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుని, ముక్కుతూ, చుక్కయినా పోయలేక అరుస్తూ మీ దగ్గరికి వస్తుంటే అది గారాబం కాదు. మూత్రనాళం మూసుకుపోయి వుండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మలబద్ధకమనుకొని ఆముదం పట్టించి తెల్లవారేదాకా చూసేవారున్నారు. చూడరాదు. ఏ వేళయినా పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. కృష్ణా తీరం వారికి గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి వుంది. మిగతా చోట్ల దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో అడగాలి. పిల్లి నొప్పితో వుందని ఇంట్లో వున్న జ్వరం బిళ్ల మింగించడం మరీ ప్రమాదం. ఒక్క పారాసిటమాల్ బిళ్ల పిల్లిని చంపగలదు.

ఆడపిల్లి ఎదకు వచ్చినపుడు కూడా ఒళ్లు రాసుకుంటూ, నేల మీద దొర్లుతూ రాత్రంతా అరుస్తుంది. దానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే మార్గం. ముసలి పిల్లి కొత్తగా అరవడం మొదలుపెడితే థైరాయిడ్, మూత్రపిండాల పరీక్ష అవసరం. ఇవేవీ కాకపోతే తిండి చూడాలి. పిల్లి మాంసాహారి. పెరుగన్నంతోనే పెంచితే దాని గుండెకు, కంటికి కావలసిన టారిన్ అనే పదార్థం అందదు. అటువంటి పిల్లి వంటింట్లో కాళ్లకు అడ్డం పడుతున్నదంటే ప్రేమ పాలు తక్కువ, ఆకలి పాలు ఎక్కువ.

తెనాలి రామలింగడి పిల్లి

వేడి పాలకు మూతి కాల్చుకొని, ఆపైన పాలగిన్నె చూస్తేనే పరుగెత్తిన రామలింగడి పిల్లి కథ పిల్లలకు కూడా తెలుసు. దండన పిల్లికి ఏమి నేర్పుతుందో ఆ కథలోనే వుంది. మూత్రం పోసిన చోట ముక్కు రుద్ది కొడితే అది మూత్రం మానదు. మనకు భయపడి, ఈసారి బీరువా వెనక పోస్తుంది. గదిలో పెట్టి కొడితే ఏమవుతుందో వేరే సామెత వుండనే వుంది.

ఆ చోటును ఫినాయిల్‌తో కడగడం మన అలవాటు. ఫినాయిల్‌లోని పదార్థాలు పిల్లికి విషం. పాదాలకు అంటినది నాకి జబ్బుపడుతుంది. సబ్బునీళ్లతో కడిగి, వంటసోడా చల్లి ఆరనివ్వాలి. ఇసుక తొట్టి తిండి గిన్నెకు దూరంగా, జనం తిరగని మూల వుండాలి. రోజూ ఎత్తి శుభ్రం చేయాలి. రెండు పిల్లులుంటే మూడు తొట్లు పెట్టాలి. ఖర్చేమీ కాదు, పాత ప్లాస్టిక్ టబ్బు చాలు.

ఇక ఒంటరిగా వుండడం నేర్పే పని. తాళంచెవి గలగల వినగానే పిల్లి అరుపు మొదలుపెడుతుంది. కాబట్టి తాళంచెవి తీసుకుని, బయటకు వెళ్లకుండా కూర్చోవాలి. చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పాలి. రోజుకు పదిసార్లు ఇలా చేస్తే గలగలకు అర్థం పోతుంది. తరువాత ఒక నిమిషం బయటకు వెళ్లి రావాలి. ఆపైన ఐదు, పది, అరగంట. వెళ్లేటప్పుడు వీడ్కోలు, వచ్చాక బుజ్జగింపు రెండూ వద్దు. ఉప్పు లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప ముక్కలను నాలుగు కొబ్బరిచిప్పల కింద దాచి వెళ్తే వెతుక్కోవడంలో కొంత పొద్దు పోతుంది. జాలీ వున్న కిటికీ పక్కన ఎత్తు బల్ల వేస్తే కాకులను, ఉడతలను చూస్తూ కూర్చుంటుంది.

అరిచినప్పుడు పలకరించరాదు. ఊరకున్నప్పుడు పిలిచి నిమరాలి. ఇంటిల్లిపాదీ ఒక మాట మీద వుండకపోతే ఇది సాగదు. నాన్న పట్టించుకోకున్నా, అమ్మమ్మ లేచి పాలు పోస్తే అంతా మొదటికి వస్తుంది. మొదట్లో అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. అప్పుడే ఓపిక పట్టాలి. నాలుగు రాత్రులు ఊరుకుని ఐదో రాత్రి లేచి పెడితే, ఐదు రాత్రులు అరవాలన్న మాట అని పిల్లి నేర్చుకుంటుంది. అన్నట్టు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి.

వేకువన లేపే పిల్లికి పడుకోబోయే ముందు పావుగంట ఆట, ఆ వెంటనే తిండి మంచి మందు. దారానికి ఈక కట్టి లాగితే చాలు. వేట, తిండి, నిద్ర దాని సహజ వరుస. ఆట కాగానే దారం తీసి దాచాలి, మింగితే పేగులకు చుట్టుకుంటుంది.

నెలరోజులు ఇలా చేసినా మార్పు లేకపోతే బెంగ తగ్గించే మందులు పశువైద్యుల దగ్గర వున్నాయి. మనుషుల నిద్రమాత్రలు మాత్రం వేయరాదు. సంక్రాంతికి ఊరు వెళ్లేవారు పిల్లిని బస్సులో తిప్పడం కన్నా ఇంట్లోనే వుంచి, రెండు పూటలా వచ్చి చూడమని పక్కింటివారికి అప్పగించడం నయం. ఉతకని లుంగీనో, చీరనో దాని పడక మీద వేసి వెళ్లాలి. పక్కింటివారికి తాళంచెవితో పాటు పశువైద్యుడి ఫోను నెంబరు కూడా ఇవ్వాలి.